శశికాంత్ ప్లాస్టిక్ కెమెరా పట్టిన కథ

2010 నాటికి షికాగో శివార్లలోని నేపర్‌విల్ తెలుగువాళ్లలో ఫొటోగ్రాఫర్ కానివాడంటూ మిగల్లేదు. అంతకుముందు ఇంటికో వీడియో కెమెరా ఉండేది. అది బేస్‌మెంట్లోకి దిగిపోయింది. దాని స్థానంలో మెడకి నల్లటి పట్టీ, పట్టీకి పెద్ద డిజిటల్ కెమెరా, దాని ముందు జానెడు లెన్సు వచ్చి చేరాయి. ఎవరింటికైనా పుట్టినరోజుకి వెళితే, కేకు కోయాల్సిన పిల్లకి కేకు కనబడేది కాదు. ఏడెనిమిది ఫ్లాష్‌లు ఒక్కసారిగా వెలిగేసరికి కళ్లు బైర్లు కమ్మి, కొవ్వొత్తులనుకుని పక్కనున్న తమ్ముడి మొహమ్మీద ఊదేది.

ఆ ఏడెనిమిదిమందిలో శశికాంత్ ఒకడు. అతని బాధ కూడా అదే, ఒకడు కావడం.

శశికాంత్‌ది రేపల్లె. ఎంసీఏ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి, షికాగో వచ్చి ఒక బీమా కంపెనీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాడు. ఇప్పుడు టెస్ట్ లీడ్. అంటే, పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెదికి పట్టుకోవడం. పొద్దున్నే రైలెక్కి షికాగో వెళ్లి తప్పులు పట్టేవాడు, సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చి భార్య రేణు చేసిన కూరలో కూడా ఒకటో రెండో పట్టేవాడు. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా. అంతకుమించి చెడ్డ గుణం ఏదీ లేదు. తనకి చూపుందన్న నమ్మకం మాత్రం గట్టిగా ఉంది. మనలాంటివాళ్ల చూపు కాదు, ఫొటోగ్రాఫర్లకుండే చూపు. ఆ మాట ఎవరో ఒకరు, ఒక్కసారి, నలుగురూ వింటుండగా పైకి అనాలని అతని కోరిక. ఇన్నేళ్లలో ఎవరూ అన్లేదు. అందరూ అనేది వీరభద్రాన్ని.

వీరభద్రం రెండు వీధులవతల ఉంటాడు. హన్మకొండవాడు. శశికాంత్‌తో పాటే అమెరికా వచ్చినవాడు, అందరికంటే పొడుగు లెన్సు ఉన్నవాడు. ఓణీల ఫంక్షనైనా సత్యనారాయణ వ్రతమైనా "భద్రం తీశాడంటే తీసినట్టే" అనడం ఆనవాయితీ. శశికాంత్ తీసినవి కూడా చూసేవాళ్లు. చూసి, "ఇవీ బాగున్నాయి" అనేవాళ్లు. ఆ "ఇవీ"లోని దీర్ఘం శశికాంత్ గుండెల్లో దిగబడిపోయేది.

ఆ వేసవిలో ఆఫీసులో పక్క సీటు గడ్డపు కుర్రాడు ఒక కెమెరా తెచ్చాడు. మొత్తం ప్లాస్టిక్. లెన్సు కూడా ప్లాస్టిక్కే. చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకున్నట్టుంది. అందులో వేసేది వెడల్పాటి ఫిల్ము, దాని వెనకాల కాగితం. రోలుకి పన్నెండే ఫొటోలు, చదరంగా వస్తాయి. బొమ్మ మధ్యలో కాస్త తేటగా ఉండి అంచుల్లో అలుక్కుపోతుంది, మూలలు నల్లబడతాయి, అతుకుల్లోంచి వెలుతురు దూరి గీతలు పడతాయి. "అదే దీని అందం," అన్నాడు కుర్రాడు. బగ్గులన్నిటినీ ఫీచర్లని చెప్పి అమ్మే కంపెనీలు శశికాంత్‌కి కొత్త కాదు. కొన్నవాళ్లు ఆ మాట సంతోషంగా ఒప్పుకోవడం మాత్రం అదే మొదలు చూడటం. పైగా ఇలాంటి కెమెరాలతో తీసినవాటికే షికాగోలో ఒక చిన్న గ్యాలరీ ఏటా ప్రదర్శన పెడుతుందట.

నేపర్‌విల్ మొత్తంలో ఇలాంటిది ఏ తెలుగువాడి దగ్గరా లేదు. అది చాలు. మామూలుగా టోస్టర్ కొనడానికి కూడా నలభై రివ్యూలు చదివే మనిషి, ఈ కెమెరాకి ఆ సాయంత్రం రైల్లోనే ఆర్డర్ పెట్టేశాడు.

కెమెరా వచ్చిన శనివారమే వీరభద్రం ఇంట్లో పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చుకునే విందు. శశికాంత్ దాన్ని మెడలో వేసుకునే వెళ్లాడు. వీరభద్రం దాన్ని అందుకుని అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు.

"ఏందిరా బై ఇది? హంసిక దగ్గర గుంజుకున్నవా?"

హంసిక శశికాంత్ కూతురు. పదమూడేళ్లది. సోఫాలోంచి తలెత్తకుండానే "అంకుల్, నాది దానికన్నా హెవీగా ఉంటుంది," అంది.

"మీడియం ఫార్మాట్ భద్రం. ఫిల్ము," అన్నాడు శశికాంత్.

"ఫిల్మా! ఎన్ని మెగాపిక్సల్స్?"

"ఫిల్ముకి మెగాపిక్సల్స్ ఉండవు."

"అంటే సున్నా అన్నట్టు. తీసింది యెనక కనిపిస్తదా?"

"కనబడదు. రోలు కడిగించాకే."

"ఒక్క రోలుకు ఎన్నొస్తయ్?"

"పన్నెండు."

"పన్నెండు వందలా?"

"పన్నెండే."

వంటింట్లోంచి వీరభద్రం భార్య లీలావతి గరిటెతో సహా వచ్చింది. "పన్నెండేనా అన్నయ్యా? మన ఒక్క గ్రూప్ ఫొటోకే పన్నెండు సరిపోవు. ఎవరో ఒకరు కళ్లు మూస్తనే ఉంటరు."

అందరూ నవ్వారు. రేణు కూడా నవ్వింది. పెళ్లాం నవ్వడంతో శశికాంత్‌కి తెగింపు వచ్చింది.

"ఇది గ్రూప్ ఫొటోల కెమెరా కాదమ్మా. ఆర్ట్. మార్చిలో షికాగోలో ఎగ్జిబిషన్ ఉంది. అందులో నా ఫొటో ఉంటుంది."

పంపిద్దామనుకుంటున్నాను అని చెప్పడమే అతని ఉద్దేశం. పులిహోర గిన్నె దగ్గర నిలబడితే మాట అలా వచ్చింది. వీరభద్రం కెమెరా తిరిగిచ్చి భుజం తట్టాడు.

"అట్లనా! అయితే అందరం వస్తం. గోడ మీద నీ పేరు సదివి వస్తం. లేకుంటే మాత్రం గా డబ్బా మళ్ల మాకు చూపియ్యొద్దు."

కాబట్టి గోడ మీద పేరు పడి తీరాలి. లేకపోతే "ఇవీ బాగున్నాయి" అనే భాగ్యం కూడా పోతుంది. "షికాగో ఎగ్జిబిషన్ ఏమైంది శశీ?" అని రిటైరయ్యేదాకా ప్రతి పాట్‌లక్‌లోనూ అడుగుతారు.

మొదటి రోలు ఎక్కించడానికి శశికాంత్ క్లోజెట్లో తలుపేసుకుని, రేణు చీరల మధ్య కూర్చున్నాడు. ఈ ఫిల్ముకి అంత చీకటి అక్కర్లేదని తర్వాత తెలిసింది. వెనక మూతకి చిన్న ఎర్ర కిటికీ. చక్రం తిప్పుతుంటే అందులో ఫిల్ము కాగితం మీది అంకెలు ఒక్కొక్కటే వచ్చి నిలబడతాయి. దూరం సరిచేసుకోవడానికి లెన్సు చుట్టూ నాలుగు బొమ్మలున్నాయి: ఒక మనిషి, ముగ్గురు మనుషులు, ఒక గుంపు, ఒక కొండ. నలుగురున్న ఇంటివాళ్లని ముగ్గురికీ గుంపుకీ మధ్య ఎక్కడో అంచనాగా ఆపాలి. శశికాంత్ కుటుంబం ముగ్గురే కాబట్టి ఆ చిక్కు లేదు.

ఏటి ఒడ్డున కాలిబాట వెంట నడిచి చెక్కవంతెన తీశాడు, బాతులు తీశాడు, ఎండలో ఖాళీ బెంచీ తీశాడు. ఖాళీ బెంచీ ఆర్టు అని ఎక్కడో చదివాడు. పన్నెండూ అయ్యాక రోలు షికాగో తీసుకెళ్లి ల్యాబులో ఇచ్చాడు.

వారం తర్వాత ల్యాబతను కడిగిన ఫిల్మును లైటుకెదురుగా పట్టి చూపించాడు. అద్దం ముక్కలా ఉంది. ఒక్క బాతు లేదు.

"లెన్సు మూత తీశారు కదా?" అన్నాడతను మర్యాదగా.

"ఎందుకు తియ్యను?" అన్నాడు శశికాంత్.

రైల్లో బ్యాగ్ తెరిచి చూసుకుంటే మూత దాని చోట అది బిగుతుగా ఉంది. ఈ కెమెరాలో చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. మూత పెట్టినా కిటికీలోంచి లోకమంతా నిక్షేపంగా కనబడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి ల్యాబువాళ్లు పాడుచేశారని చెప్పాడు.

"డాడీ, క్యాప్ తీయలేదా?" అంది హంసిక.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో చూశా. ఫస్ట్ రోల్ అందరూ అలానే చేస్తారంట. ఇట్స్ లైక్, ఎ రూల్."

శశికాంత్ మూతని తీసి చెత్తబుట్టలో పారేశాడు. మూతే లేకపోతే మరిచిపోవడానికేముంటుంది? సమస్యని మూలంతో సహా పీకేయాలన్నది ఆఫీసులో అతను అందరికీ చెప్పే మాట. ఆ తర్వాత రెండో రోలు ఎక్కించి, అతుకులన్నిటి మీదా ఎర్ర కిటికీ మీదా నల్ల టేపు అంటించి, దసరా కోసం ఎదురు చూశాడు. దసరాలో రంగులుంటాయి, మనుషులుంటారు. అమెరికా వాళ్లకి అర్థం కాని సంగతులు బోలెడుంటాయి. అర్థం కానివాటికి గ్యాలరీల్లో గిరాకీ అని కూడా ఎక్కడో చదివాడు.

ఆ ఏడు దసరా కలిసొచ్చి ఆదివారమే పడింది. లేకపోతే ఆదివారానికి జరిపేవాళ్లే. రేణు పొద్దున్నే తలంటుకుని గరాజ్‌లో ఆయుధపూజకి దిగింది. పీట మీద పసుపు గుడ్డ, దాని మీద లాప్‌టాపులు, మిక్సీ, ఫార్మసీలో తను వాడే ఐడీ కార్డు. పీట పక్కన మంచు తోసే యంత్రం, దానికి వెనక కారు.

"ఏవండీ, మీ కెమెరాలు కూడా పెట్టండి. మళ్లీ వచ్చే ఏడుదాకా లేదు."

శశికాంత్ రెండూ తెచ్చి పెట్టి, కారు టైర్ల కింద నిమ్మకాయలు సర్దడానికి వెళ్లాడు. రేణు వరసగా గంధం, దాని మీద కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. బొట్టు పెట్టాలంటే దేనికైనా మొహం ఏదో చూసుకోవాలి. కారుకి బానెట్టు. లాప్‌టాప్‌కి మూత. డిజిటల్ కెమెరాకి లెన్సు మూత. ప్లాస్టిక్ కెమెరాకి మూత లేదు. దాని మొహం అంటే లెన్సే. రేణు వేలికి గంధం తీసుకుని, లెన్సు నడిమధ్యన గుండ్రంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి, మిక్సీ దగ్గరికి జరిగింది.

హారతి సమయానికి శశికాంత్ ఆ కెమెరా అందుకున్నాడు. కారు ముందు హారతి పళ్లెంతో రేణు, కిటికీలోంచి చూస్తే దివ్యంగా ఉంది. తీశాడు. నిమ్మకాయల మీంచి కారు కదిలించి, దిగి వచ్చి టైరు తీశాడు. మధ్యాహ్నం వీరభద్రం ఇంటికి వెళ్లారు. జమ్మి దొరక్క అక్కడ అందరూ మేపుల్ ఆకులు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని కావలించుకుంటున్నారు. వీరభద్రాన్ని ఫ్రేము సరిగ్గా మధ్యలో నిలబెట్టి తీశాడు.

ఆ రోజు కెమెరా ముందు నిలబడ్డవాళ్లందరికీ ఆ బొట్టు కనబడింది. పండగపూట కెమెరాకి బొట్టుంటే వింతేముంది? ఎవరూ ఏమీ అన్లేదు. అది కనబడనివాడు ఒక్కడే. అతను వెనకుండి గురి చూసుకుంటున్నాడు.

ఈసారి ల్యాబులో బొమ్మలు వచ్చాయి. పన్నెండూ వచ్చాయి. పన్నెండింటి నడిమధ్యనా పొగమంచులాంటి ఎర్రటి ముద్ద ఉంది. రేణుకి చీర ఉంది, పళ్లెం ఉంది, మంట ఉంది, మొహం లేదు. వీరభద్రానికి తల ఉండాల్సిన చోట సూర్యాస్తమయం ఉంది. శశికాంత్ ల్యాబు గుమ్మంలోనే నిలబడి కెమెరాని బ్యాగులోంచి తీసి, దాని ముందు వైపు చూశాడు. కుంకుమ ఎండి, గంధం బీటలిచ్చి, బొట్టు బొట్టులాగే ఉంది.

రేణు మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంటికి వెళ్లగానే కడిగేద్దామనుకున్నాడు. రైలు నేపర్‌విల్ చేరేలోపు ఆలోచన మారింది. రేణుకి చెబితే లీలావతికి తెలుస్తుంది. లీలావతికి తెలిస్తే వీరభద్రానికి తెలుస్తుంది. ఒక ఫొటోగ్రాఫర్ లెన్సుకి బొట్టు పెట్టుకుని రోజంతా తిరిగాడన్న సంగతి ఇంక ఆగదు. చేతిరుమాలు తడిపి లెన్సు తుడిచేశాడు.

గ్యాలరీకి ఫొటోలు పంపడానికి గడువు ఆ శుక్రవారమే. మూడో రోలుకి టైము లేదు. హారతి ఫొటో పంపాడు. రాదని ఖాయమనుకుని, మార్చి నెలలో ఇండియా టికెట్లు ఏమైనా చవగ్గా ఉన్నాయేమో చూడటం మొదలుపెట్టాడు.

వచ్చింది. ఫొటో ఎంపికైందని గ్యాలరీ నడిపే ఆవిడ మెయిల్ రాసింది. ఆ మధ్యలోని ఎర్రటి కాంతి తమనందరినీ కదిలించిందట. ఏ పద్ధతిలో సాధించారో దయచేసి చెప్పగలరా? శశికాంత్ రెండు రోజులు ఆలోచించి "లెన్సు మీద సహజమైన రంగులతో వేసిన పలచని పూత" అని జవాబు రాశాడు. అందులో అబద్ధమేముంది? గంధం సహజమే, పూత పూతే. వేసిందెవరో ఆవిడ అడగలేదు.

ఆ శీతాకాలమంతా శశికాంత్ వేరే మనిషి. కూరల్లో తప్పులు పట్టడం మానేశాడు. పాట్‌లక్కుల్లో వీరభద్రం ఫొటోలు తీస్తుంటే గోడకానుకుని, ఆ వయసులో తనూ అలాగే తీసేవాడినన్నట్టు చూసేవాడు. ఇద్దరిదీ ఒకే వయసు.

మార్చిలో శనివారం సాయంత్రం రెండు కార్లలో షికాగో వెళ్లారు. ముందు కారులో శశికాంత్ కుటుంబం, వెనక కారులో వీరభద్రం, లీలావతి. రేణు పట్టుచీర కట్టి, పైన చలికోటు వేసుకుంది. గ్యాలరీ అంటే పాత కొట్టుగది, తెల్ల గోడలు, ఒక బల్ల మీద చీజ్ ముక్కలు.

"తినేటందుకు గింతేనా?" అన్నాడు వీరభద్రం. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పైకి తోసి, ఫొటో పక్కన అంటించిన చీటీ చదివాడు. ఇటు తిరిగినప్పుడు అతని మొహంలో ఎగతాళి లేదు.

"ఉన్నదిరా బై. నిజంగనే నీ పేరున్నది."

అంతలో గ్యాలరీ ఆవిడ వచ్చింది. శశికాంత్ చెయ్యి పట్టుకుని, చుట్టూ చేరిన పదిమందికీ పరిచయం చేసింది. "ఈయనకి చూపుంది," అంది. ఇంగ్లీషులో, అందరూ వింటుండగా, వీరభద్రానికి రెండడుగుల దూరంలో అంది. శశికాంత్ వినయంగా నేల వైపు చూశాడు. వింటున్నాడా లేదా అని నేల మీంచే వీరభద్రం బూట్ల వైపు కూడా చూశాడు.

ఆవిడ అక్కడితో ఆపి ఉంటే ఎంత బావుండేది! ఆపలేదు. ఈ బొమ్మలో ఒక వలసదారు స్త్రీ తన ఇంటి ఆచారాల్లో కరిగిపోతోందని, ఆమె మొహాన్ని చెరిపెయ్యడంలో కళాకారుడి ఆగ్రహం ఉందని, అది చాలా ధైర్యమని చెప్పుకుపోయింది.

రేణు ఫొటో ముందుకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, నా మొహం ఏది?"

"మెల్లగా మాట్లాడు. ఆర్ట్ అది."

"ఆర్టైతే మొహం ఉండదా? వందసార్లు చెప్పారు కదా, హారతి ఫొటో సెలెక్ట్ అయింది, నువ్వే ఉన్నావని. నేను మా అక్కకి కూడా చెప్పాను."

గ్యాలరీ ఆవిడకి సంగతి అర్థమైంది. కళ్లు పెద్దవి చేసింది. "ఈ స్త్రీ మీరేనా? మీ భర్త మీ మొహాన్ని చెరిపేసినప్పుడు మీకేమనిపించింది?"

"చెరిపెయ్యడమేంటి?" అంది రేణు ఇంగ్లీషులో. ఎర్రటి ముద్ద వైపు ఇంకొకసారి చూసింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టిన సంతోషంతో గొంతు కూడా పెరిగింది. "ఓహో, ఇదా! ఇది బొట్టండీ. నేనే పెట్టాను." తన నుదురు చూపించింది. "ఇలాంటిదే. ఆ రోజు పండగ. అన్నిటికీ పెట్టాను, మిక్సీకి కూడా. కెమెరాకి మొహం మీద పెట్టాను."

"లెన్సు మీద?"

"మరి దాని మొహం అదే కదా!"

హంసిక "ఓ మై గాడ్, డాడీ" అని రెండు చేతులతో నోరు మూసుకుంది. లీలావతి "నాకు గుర్తున్నది అక్కా, మా ఇంటికొచ్చినప్పుడు కూడా ఉండె. ముద్దుగుండె," అంది. వీరభద్రం ఫొటో వైపు చూశాడు, శశికాంత్ వైపు చూశాడు. అతని పొట్ట ముందుగా కదిలింది, నవ్వు తర్వాత వచ్చింది.

గ్యాలరీ ఆవిడ నవ్వలేదు. ఇందాకటి కంటే ఎక్కువగా కదిలిపోయింది. కెమెరాకి మొహం ఉంటుందన్న ఆలోచన తనకి ఇన్నేళ్లలో రానందుకు సిగ్గుపడుతున్నానంది. చెరిపేశారన్న మాట వెనక్కి తీసుకుంటున్నానంది. ఇది ఆశీర్వాదమంది. జేబులోంచి పెన్ను తీసి, రేణుని స్పెల్లింగ్ అడిగి, గోడ మీది చీటీలో ఆమె పేరు రాసింది. కింద చోటు లేక శశికాంత్ పేరుకి పైన రాసింది.

"అయితే శశీ," అన్నాడు వీరభద్రం, "బొమ్మల ఉన్నది చెల్లె. బొట్టు పెట్టింది చెల్లె. ఇంతకీ ఇందుల నీ పనేందిరా?"

"నొక్కింది నేను," అన్నాడు శశికాంత్.

"నొక్కుడా? నొక్కుడు లిఫ్టుల గూడ నొక్కుతం."

పదిమంది వచ్చి రేణుతో మాట్లాడారు. మిక్సీ అంటే ఏమిటో ఒకరు రాసుకున్నారు. వచ్చే ఏడు ప్రదర్శనకి ఇలాంటివే ఇంకొన్ని ఇవ్వగలరా అని గ్యాలరీ ఆవిడ రేణునే అడిగింది. దసరాకి తప్ప ఊరికే పెట్టకూడదని రేణు చెప్పింది. ఆ మాటకి కూడా వాళ్లు గౌరవంగా తలలూపారు. శశికాంత్ బల్ల దగ్గర నిలబడి చీజ్ ముక్కలు ఒక్కొక్కటే తిన్నాడు.

కారు ఇంటివైపు హైవే ఎక్కింది. వెనక సీట్లో హంసిక చెవుల్లో పాటలు పెట్టుకుంది.

"ఆ రోజంతా అది లెన్సు మీదే ఉంది," అన్నాడు శశికాంత్. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా. చూసినవాళ్లు చూసినట్టే ఉన్నారు. కనీసం నువ్వైనా ఒక్క మాట చెప్పాలని తోచలేదా రేణూ?"

"మీకు కనబడలేదని నాకేం తెలుసండీ? కెమెరా మీ చేతుల్లోనే ఉందిగా."

"ఫొటోగ్రాఫర్ అనేవాడు కెమెరా వెనకాల ఉంటాడు. ముందు వైపు చూడడు."

"అవునా?" అంది రేణు. కోటు బొత్తాములు విప్పుకుని, సీటు వెనక్కి వాల్చుకుంది. "మరైతే ముందున్నవాళ్లని అడగొచ్చుగా."